జర్మనీలో పిల్లల లెక్క: తగ్గారా, పెరిగారా, మరి కీటాలో సీటు ఎందుకు దొరకట్లేదు? (తరచుగా అడిగే ప్రశ్నలు)

"జర్మనీలో పిల్లలే పుట్టట్లేదంట కదా" అని ఊరి నుంచి ఫోన్ చేసిన ప్రతి పెద్దమ్మా, ప్రతి బాబాయీ అడుగుతారు. ఇక్కడేమో మనవాళ్ళు కీటాలో సీటు కోసం కడుపుతో ఉన్నప్పుడే వెయిటింగ్ లిస్టుల్లో పేర్లు రాయించుకుంటున్నారు. కీటా అంటే డే కేర్, ప్రీస్కూల్ రెండూ కలిసిన సెంటర్, స్కూల్లో చేరేదాకా పిల్లలు పగలంతా అక్కడే ఉంటారు. పిల్లలు తక్కువైతే సీట్లు మిగలాలి కదా, ఇదేం లెక్క అని గ్రూపుల్లో పదే పదే అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట పెడుతున్నా.

అసలు ఇప్పుడు జర్మనీలో పిల్లలు ఎంతమంది ఉన్నారు?

18 ఏళ్ళ లోపు వాళ్ళు సుమారు 1.4 కోట్లు. మొత్తం జనాభా 8.3 కోట్ల పైన, అంటే ఆరుగురిలో ఒకరు అనుకోండి. 1970లో, అప్పట్లో వేరు వేరు దేశాలుగా ఉన్న తూర్పు పశ్చిమ జర్మనీలు రెండూ కలిపి చూస్తే, 20 ఏళ్ళ లోపు వాళ్ళే దాదాపు 30 శాతం ఉండేవాళ్ళు, ఇప్పుడది 19 శాతం దగ్గర ఉంది. ఇంకా వెనక్కి 1910కి వెళ్తే 15 ఏళ్ళ లోపు పిల్లలే జనాభాలో మూడో వంతు.

ఏడాదికి ఎంతమంది పుడుతున్నారు?

2024లో 6,77,117 మంది. అంతకు ముందు ఏడాది 6,92,989. అదే 2021లో 7,95,492 మంది పుట్టారు, అంటే మూడేళ్ళలో లక్ష పైనే తగ్గింది, అందుకే పేపర్లలో అంత గోల. కానీ 2011లో ఇంకా తక్కువ, 6.63 లక్షలే. పీక్ ఎప్పుడంటే 1964, ఆ ఒక్క ఏడాదే 13.57 లక్షల మంది పుట్టారు, 2024తో పోలిస్తే దాదాపు సరిగ్గా రెట్టింపు. ఆ బ్యాచ్ వాళ్ళే ఇప్పుడు మీ ఆఫీసుల్లో రిటైర్మెంట్ పార్టీలు ఇస్తున్నది.

జననాల సంఖ్య, ఫెర్టిలిటీ రేటు రెండూ ఒకటే కదా?

కాదండి, సగం కన్ఫ్యూజన్ ఇక్కడే వస్తుంది. ఫెర్టిలిటీ రేటు అంటే ఒక్కో స్త్రీకి సగటున ఎంతమంది పిల్లలు అన్న లెక్క, జననాల సంఖ్య అంటే ఆ ఏడాది మొత్తం ఎన్ని డెలివరీలు అయ్యి ఎంతమంది పుట్టారు అన్నది. రెండోది మొదటిదాని మీద మాత్రమే ఆధారపడదు, ఆ టైమ్‌లో పిల్లల్ని కనే వయసులో ఎంతమంది ఆడవాళ్ళు ఉన్నారన్న దాని మీద కూడా ఉంటుంది.

ఒక ఉదాహరణ చూడండి. 1995లో జర్మనీ రేటు 1.25, అంటే 2024 నాటి 1.35 కంటే కూడా తక్కువ. అయినా ఆ ఏడాది 7.65 లక్షల మంది పుట్టారు, 2024 కంటే దాదాపు 90 వేలు ఎక్కువ. ఎందుకంటే ఆ 1964 చుట్టుపక్కల పుట్టిన పెద్ద బ్యాచ్ అమ్మాయిలు అప్పుడు ముప్పై ఏళ్ళ దగ్గర ఉన్నారు, ఒక్కొక్కరు తక్కువ కన్నా మొత్తం కలిపితే చాలామంది అయ్యారు. విత్తనాలు ఎక్కువున్న ఏడు దిగుబడి తగ్గినా గాదె నిండినట్టు. ఇప్పుడు పరిస్థితి తిరగబడింది, తల్లుల బ్యాచ్ చిన్నది, రేటూ తక్కువే.

కాబట్టి ఎవరైనా "ఈ తరం ఆడవాళ్ళకి కెరీర్ పిచ్చి, అందుకే పిల్లలు తగ్గారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నమ్మకండి, ఈ రోజు ఎంతమంది పుడతారన్నదాంట్లో సగం ముప్పై ఏళ్ళ కిందటే డిసైడ్ అయిపోయింది.

1964 తర్వాత ఒక్కసారిగా ఎందుకు పడిపోయింది?

గర్భనిరోధక మాత్ర వల్ల అని అందరూ చెప్తారు, అది కొంత నిజం. పశ్చిమ జర్మనీలో 1961 జూన్‌లో షెరింగ్ కంపెనీ మాత్ర మార్కెట్‌లోకి వచ్చింది. పశ్చిమంలో 1964లో 10 లక్షల పైన పుడితే 1978 నాటికి 5.76 లక్షలకి వచ్చేసింది. కానీ మాత్ర ఒక్కటే ఇంత పని చెయ్యదు, ఆడపిల్లల చదువు పెరిగింది, ఉద్యోగాలు పెరిగాయి, వ్యవసాయ కుటుంబాలు తగ్గాయి, పెళ్ళి లేటు అయింది. ఇవన్నీ జరుగుతున్నా కిండర్‌గార్టెన్ మాత్రం మధ్యాహ్నం దాకానే, స్కూలూ మధ్యాహ్నం దాకానే, పిల్లలు ఇంటికొచ్చేసరికి అమ్మ వంట చేసి రెడీగా ఉండాలి అన్న లెక్కలోనే ఉండిపోయింది. ఉద్యోగమా పిల్లలా అని తేల్చుకోమంటే చాలామంది ఏం తేల్చుకున్నారో అంకెల్లో కనిపిస్తోంది.

1972 నుంచి ఇప్పటిదాకా ఒక్క ఏడాది కూడా పుట్టినవాళ్ళ సంఖ్య చనిపోయినవాళ్ళ సంఖ్యని దాటలేదు. జనాభా పెరిగింది అంటే బయట నుంచి వచ్చినవాళ్ళ వల్లే.

తూర్పు జర్మనీ కథ వేరు అంటారు, ఏంటది?

నన్నడిగితే ఈ మొత్తం సబ్జెక్టులో అన్నిటికంటే ఆసక్తిగా ఉండే భాగం ఇదే.

కమ్యూనిస్టు ప్రభుత్వం కూడా 70ల మొదట్లో జననాలు తగ్గడం చూసి కంగారు పడింది. 1972 నుంచి కొత్తగా పెళ్ళయిన కుర్ర జంటలకి 5,000 మార్కుల లోన్ ఇచ్చారు, వడ్డీ లేదు. మొదటి బిడ్డ పుడితే అందులో 1,000 మాఫీ, రెండో బిడ్డకి 1,500, మూడో బిడ్డ పుడితే మిగిలింది మొత్తం మాఫీ. ఫ్రిజ్జు, సోఫా కొనుక్కుని పిల్లల్ని కని అప్పు తీర్చడం అన్నమాట, దాని మీద అక్కడివాళ్ళు వేసుకున్న జోకులకి లెక్కలేదు. 1976 నుంచి రెండో బిడ్డకి ఏడాది జీతంతో సెలవు, 1986 నుంచి మొదటి బిడ్డకి కూడా. కీటా సీటు అందరికీ గ్యారంటీ, ఫ్లాట్ కూడా పిల్లలున్నవాళ్ళకి ముందు దొరికేది. దాంతో రేటు 1980కి 1.94 దాకా ఎక్కింది, అదే టైమ్‌లో పశ్చిమంలో 1.45 దగ్గర ఉంది.

1989 నవంబర్‌లో బెర్లిన్ గోడ కూలింది. తర్వాత జరిగింది డెమోగ్రఫీ పుస్తకాలన్నిటిలో ఉంటుంది. 1989లో తూర్పులో దాదాపు 1.99 లక్షల మంది పుడితే, 1994లో 78,698 మంది. ఐదేళ్ళలో 60 శాతం పోయింది! రేటు 0.77కి పడింది, ఇప్పుడు ప్రపంచమంతా చెప్పుకునే సౌత్ కొరియా 2024 రేటు 0.75 అని గుర్తుపెట్టుకుంటే ఇది ఎంత లోతో అర్థమవుతుంది. యుద్ధం లేదు, కరువు లేదు. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, ఉద్యోగం రేపు ఉంటుందో లేదో తెలీదు, కొత్త దేశం కొత్త రూల్స్, వయసులో ఉన్నవాళ్ళు, అందులోనూ అమ్మాయిలు ఎక్కువగా, పశ్చిమానికి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు "ఇప్పుడు కాదులే" అనుకున్నారు. ఇంకో సంగతి, తూర్పులో ఆడవాళ్ళు 22, 23కే తల్లులయ్యేవాళ్ళు, పశ్చిమంలో 27, 28కి. ఏకీకరణ తర్వాత తూర్పువాళ్ళు కూడా పశ్చిమం పద్ధతికి మారడంతో ఆ మధ్య కొన్నేళ్ళు దాదాపు ఖాళీగా పోయాయి.

ఇప్పుడు 1994కి ముప్పై కలపండి. 2024. ఆ సగం కంటే చిన్న బ్యాచ్‌లో పుట్టిన అమ్మాయిలే ఇప్పుడు తల్లులయ్యే వయసులో ఉన్నారు. తూర్పు రాష్ట్రాల్లో ఇప్పుడు కనిపిస్తున్న పతనంలో పెద్ద భాగం గోడ కూలినప్పటిదే, ముప్పై ఏళ్ళ తర్వాత బిల్లు వచ్చింది.

మరి కీటాలో సీటు ఎందుకు దొరకదు?

ఏ ఊరు అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. లైప్జిగ్ సంగతే చూడండి. 1989లో 5.3 లక్షల జనాభా, 90ల చివరికి 4.4 లక్షల కంటే తక్కువ. స్కూళ్ళు మూసేశారు, కీటాలు మూసేశారు, 2002లో మొదలైన పట్టణాల స్కీమ్ కింద తూర్పు మొత్తంలో లక్షల ఖాళీ ఫ్లాట్లు కూలగొట్టారు. ఆ తర్వాత సీన్ రివర్స్, అద్దెలు తక్కువ అని స్టూడెంట్లు, ఆర్టిస్టులు, తర్వాత బీఎమ్‌డబ్ల్యూ, పోర్షే ఫ్యాక్టరీల ఉద్యోగాలు, ఊరు నిండిపోయింది, ఇప్పుడు 6 లక్షలు దాటింది. పిల్లలు పెరిగారు కానీ బిల్డింగులు లేవు. 2017లో ఒక కొత్త కీటా చూడటానికి రమ్మంటే వందల మంది పేరెంట్స్ స్ట్రాలర్లతో రోడ్డు పొడుగునా క్యూ కట్టారు, ఆ ఫోటో జర్మనీ అంతా తిరిగింది. దాంతో హడావుడిగా కట్టారు. కట్టడం పూర్తయ్యేసరికి జననాలు మళ్ళీ పడిపోయాయి, ఇప్పుడు అదే లైప్జిగ్‌లో, డ్రెస్డెన్‌లో సీట్లు ఖాళీ, కొన్ని కీటాలు మూస్తున్నారు.

మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్, స్టుట్‌గార్ట్ వైపు ఉన్న మనవాళ్ళకి ఇది చదివితే ఒళ్ళు మండుతుంది, తెలుసు. అక్కడ ఇంకా సీట్లు చాలట్లేదు, సీట్లున్నా టీచర్లు లేరు. 2013 ఆగస్టు 1 నుంచి ఏడాది నిండిన ప్రతి బిడ్డకీ సీటు చట్టపరమైన హక్కు, కాబట్టి కోర్టుకెళ్ళి గెలిచినవాళ్ళు కూడా ఉన్నారు. తూర్పులో మూడేళ్ళ లోపు పిల్లల్లో సగానికి పైగా కీటాకి వెళ్తారు, పశ్చిమంలో మూడో వంతే, పాత అలవాట్లు ఇంకా పోలేదు. ఫీజు కూడా ఊరిని బట్టే, బెర్లిన్‌లో 2018 నుంచి అందరికీ ఫ్రీ, భోజనానికి నెలకి 23 యూరోలు కట్టాలి అంతే.

2011 తర్వాత పెరిగింది కదా, డబ్బులిచ్చినందుకేనా?

కొంతవరకు. 2007లో ఎల్టర్న్‌గెల్డ్ వచ్చింది, అంటే బిడ్డ పుట్టాక ఉద్యోగం ఆపిన పేరెంట్‌కి నెట్ జీతంలో దాదాపు మూడింట రెండు వంతులు ప్రభుత్వం ఇస్తుంది, కనీసం 300, మహా అయితే 1,800 యూరోలు, నెలనెలా 12 నెలలు. రెండో పేరెంట్ కూడా తీసుకుంటే ఇంకో రెండు నెలలు కలుస్తాయి, నాన్నల్ని ఇంట్లో కూర్చోబెట్టడానికి పెట్టిన షరతు అది. అది తెచ్చినప్పుడు కుటుంబ సంక్షేమ మంత్రి ఉర్సులా ఫాన్ డెర్ లయన్, ఇప్పుడు యూరోపియన్ కమిషన్ ప్రెసిడెంట్, ఆవిడకి ఏడుగురు పిల్లలు, ప్రతిపక్షం ఏమన్నా ఆ విషయంలో నోరెత్తలేకపోయేది.

అంతకు ముందు పాత స్కీమ్‌లో నాన్నలు 3.5 శాతమే తీసుకునేవాళ్ళు, 2021లో పుట్టిన పిల్లల విషయానికొస్తే 46 శాతం మంది నాన్నలు తీసుకున్నారు. ఎక్కువమంది రెండు నెలలే తీసుకుని ఆ టైమ్‌లో క్యాంపర్ వ్యాన్‌లో పోర్చుగల్ వెళ్తారు అని జోకు. పాపం అందరూ కాదు.

డబ్బు కంటే కీటాలు పెరగడమే ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం. డబ్బు ఒక ఏడాది వస్తుంది, బిడ్డ ఇరవై ఏళ్ళు ఉంటుంది కదా. రేటు 2006లో 1.33 ఉంటే 2016కి 1.6 దగ్గరికొచ్చింది, ఆ ఏడాది 7.92 లక్షల మంది పుట్టారు. కానీ అదంతా పాలసీ గొప్పే అనుకోవద్దు, ఆ 1964 చుట్టుపక్కల పుట్టిన పెద్ద బ్యాచ్ వాళ్ళ పిల్లలు, అంటే 80ల చివర్లో పుట్టిన కొంచెం పెద్ద బ్యాచ్, సరిగ్గా అప్పుడే ముప్పైకి వచ్చారు, దానికి తోడు వలస.

శరణార్థుల వల్లే పెరిగింది అంటారు, నిజమా?

2015 తర్వాత సిరియా, ఆఫ్ఘనిస్తాన్, ఇరాక్ నుంచి వచ్చినవాళ్ళలో కుర్ర వయసు వాళ్ళు ఎక్కువ, కాబట్టి కొంత పెరుగుదల వాళ్ళదే. 2024 లెక్కల్లో విదేశీ పౌరసత్వం ఉన్న స్త్రీల రేటు 1.84, జర్మన్ పౌరసత్వం ఉన్నవాళ్ళది 1.23. ఈ రెండు అంకెలు పట్టుకుని రాజకీయం బాగా నడుస్తోంది. ఎవరూ చెప్పని సంగతేంటంటే విదేశీ స్త్రీల రేటు కూడా 2017 నుంచి తగ్గుతూనే ఉంది. వచ్చిన కొత్తలో ఎక్కువ ఉంటుంది, కొన్నేళ్ళకి అద్దెలు, కీటా, ఉద్యోగం అన్నీ వాళ్ళకీ అవే కదా.

2022లో ఉక్రెయిన్ నుంచి 10 లక్షల పైన వచ్చారు, వాళ్ళలో దాదాపు మూడో వంతు మైనర్లే. జననాలు పడిపోతున్న ఏడాదే స్కూళ్ళలో పిల్లలు ఒక్కసారిగా పెరగడం అందుకే. "పుట్టేవాళ్ళు తగ్గారు కాబట్టి క్లాసురూములు ఖాళీ" అని లెక్కేసుకున్న స్కూళ్ళ డిపార్ట్‌మెంట్లు తలలు పట్టుకున్నాయి.

2021లో పెరిగి మళ్ళీ అంతలా ఎందుకు పడింది?

కోవిడ్‌లో ఇంట్లో ఉండి ప్లాన్ చేసుకున్నవాళ్ళతో 2021 కొంచెం ఉబ్బింది. టీకాలు మొదలయ్యాక "ముందు డోసులు పూర్తి కానీ" అని చాలామంది వాయిదా వేయడంతో 2022 మొదట్లో పడిపోయిందని డెమోగ్రాఫర్లు చెప్పారు. వాయిదా వేసినవాళ్ళు తర్వాత కనాలి కదా, కనలేదు, ఎందుకంటే ఆలోపు యుద్ధం, గ్యాస్ బిల్లులు, ధరలు, ఇళ్ళ లోన్ల వడ్డీలు అన్నీ వరసగా వచ్చాయి. రేటు 1.58 నుంచి 1.46కి, అక్కడి నుంచి 2024లో 1.35కి. రాష్ట్రాల్లో లోయర్ సాక్సనీ పైన, 1.42. అడుగున బెర్లిన్, 1.21. ఫ్రీ కీటా ఉన్న ఊరే అడుగున ఉంది చూడండి, రెండు గదుల ఫ్లాట్ దొరకని చోట కీటా ఫ్రీ అయితే ఏం లాభం.

జర్మన్లకి పిల్లలంటే ఇష్టం లేదా?

అలా ఏం లేదు. 45 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఐదుగురిలో ఒకరికి పిల్లలు లేరు, ఇది మన దగ్గరతో పోలిస్తే చాలా ఎక్కువ. కానీ మిగతా నలుగురిలో ఎక్కువమందికి ఇద్దరు ఉంటారు. మొదటి బిడ్డ పుట్టేసరికి తల్లి సగటు వయసు 30.4. లేటుగా మొదలుపెడితే రెండో బిడ్డకి టైమ్ తగ్గుతుంది, మూడో బిడ్డ మాట దేవుడెరుగు.

ఇంకో కొలత కూడా ఉంది, ఒక ఏడాది పుట్టిన స్త్రీలు జీవితం మొత్తం మీద ఎంతమందిని కన్నారు అన్నది. దాంట్లో 1968లో పుట్టినవాళ్ళు అట్టడుగున, సగటున 1.49. 70లలో పుట్టినవాళ్ళు వాళ్ళకంటే కొంచెం ఎక్కువే కన్నారు. ఏడాదేడాది రేటు పడిందా లేచిందా అని గోల చేసేకంటే ఈ లెక్క నమ్మకమైనది, కాకపోతే ఆ తరానికి 50 వచ్చేదాకా ఆగాలి, పేపర్లకి అంత ఓపిక లేదు.

పిల్లలు లేకపోతే జీతంలో ఎక్కువ కోస్తారా?

కోస్తారు. మీ శాలరీ స్లిప్‌లో ఫ్లేగె ఫెర్జిహెరుంగ్ అని ఒక లైన్ ఉంటుంది, ముసలితనంలో సంరక్షణకి కట్టే ఇన్సూరెన్స్. 2025 నుంచి అది 3.6 శాతం, 23 ఏళ్ళు దాటి పిల్లలు లేనివాళ్ళకి ఇంకో 0.6 కలిపి 4.2. రెండో బిడ్డ నుంచి ఐదో బిడ్డ దాకా, పిల్లలకి 25 వచ్చేవరకు, ఒక్కొక్కరికి 0.25 తగ్గుతుంది. 2001లో రాజ్యాంగ కోర్టు, పిల్లల్ని పెంచేవాళ్ళు ఈ సిస్టమ్‌కి రేపటి చందాదారుల్ని కూడా ఇస్తున్నారు కాబట్టి అందరి దగ్గరా ఒకేలా వసూలు చెయ్యడం కుదరదు అని తీర్పు ఇచ్చింది, దాని నుంచి వచ్చిందే ఇదంతా. ఇండియాలో పుట్టిన బిడ్డ ఉంటే బర్త్ సర్టిఫికెట్ హెచ్‌ఆర్‌కి ఇచ్చారో లేదో ఒకసారి చూసుకోండి, చాలామంది ఏళ్ళ తరబడి పిల్లలు లేనివాళ్ళ రేటు కడుతుంటారు.

కిండర్‌గెల్డ్ ఎంత? మనకీ వస్తుందా?

కిండర్‌గెల్డ్ అంటే పిల్లల కోసం ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు. 2025లో బిడ్డకి నెలకి 255 యూరోలు, 2026 నుంచి 259. 18 ఏళ్ళ దాకా, చదువుకుంటుంటే 25 దాకా. బ్లూ కార్డ్ మీద, వర్క్ పర్మిట్ మీద ఉద్యోగం చేసేవాళ్ళకి వస్తుంది, స్టూడెంట్ పర్మిట్ వాళ్ళకి రూల్స్ వేరు. అయినా ఇంత ఇస్తున్నా ఏడుగురు పిల్లల్లో ఒకరు పేదరికం అంచున ఉన్న ఇళ్ళలోనే పెరుగుతున్నారు.

మన పిల్లలు ఇక్కడ పుడితే ఏ లెక్కలోకి వస్తారు?

జననాల లెక్కలోకి వచ్చేస్తారు, పాస్‌పోర్ట్ ఏదైనా సరే తల్లి ఇక్కడ నివాసం ఉంటే చాలు. పౌరసత్వం వేరే సంగతి, 2024 జూన్ 27 నుంచి అమ్మానాన్నల్లో ఒకరు ఐదేళ్ళు లీగల్‌గా ఉండి పర్మనెంట్ రెసిడెన్స్ ఉంటే పుట్టగానే జర్మన్ పౌరసత్వం, అంతకు ముందు ఎనిమిదేళ్ళు ఉండాలి.

ఇండియా నుంచి ఇంతమందిని రమ్మనడానికీ దీనికీ సంబంధం ఉందా?

సూటిగా ఉంది. పెన్షన్ అంటే ఇక్కడ ఎవరి డబ్బు వాళ్ళకి దాచి ఇచ్చేది కాదు, ఇప్పుడు పనిచేసేవాళ్ళు కట్టే 18.6 శాతం ఇప్పటి ముసలివాళ్ళకి వెళ్ళిపోతుంది. 1964 బ్యాచ్‌కి 2031లో 67 వస్తుంది, వాళ్ళ జాగాలో వచ్చేవాళ్ళు వాళ్ళలో సగమే. అందుకే 2024 అక్టోబర్‌లో ఇండియన్ స్కిల్డ్ వర్కర్ల వీసాలు ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకి పెంచుతామన్నారు.

ఆంధ్ర, తెలంగాణతో పోలిస్తే?

2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్ రేటు 1.7, తెలంగాణది 1.8. అప్పుడే జర్మనీది 1.58. అంటే తేడా ఎంతో లేదు! అందుకే 2024లో చంద్రబాబు నాయుడు ఎక్కువమందిని కనండి అన్నారు, అదే ఏడాది నవంబర్‌లో ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులు అన్న రూల్ అసెంబ్లీ తీసేసింది. జర్మనీని చూసి నవ్విన పెద్దమ్మలు ఒకసారి మన ఊరి ప్రైమరీ స్కూల్ హాజరుపట్టీ చూస్తే బాగుంటుంది.

మిగతా యూరప్ ఎలా ఉంది?

ఇటలీ 1.18, పోలాండ్ 1.1 (2024). ఎప్పుడూ ఆదర్శంగా చూపించే ఫ్రాన్స్ కూడా అదే ఏడాది 1.62కి వచ్చేసింది. జర్మనీ మధ్యలో ఎక్కడో ఉంది.

ముందు ముందు ఏమవుతుంది?

2021లో పుట్టిన పెద్ద బ్యాచ్ 2027లో ఒకటో క్లాసుకి వస్తుంది, కాబట్టి స్కూళ్ళలో ఆ ఏడాది సీట్లకి ఇబ్బంది ఖాయం. దానికి తోడు 2026 ఆగస్టు నుంచి ఒకటో క్లాసు పిల్లలకి సాయంత్రం దాకా స్కూల్ హక్కు మొదలవుతుంది, ఏడాదికో క్లాసు చొప్పున నాలుగో క్లాసు దాకా వస్తుంది. వాళ్ళ వెనక 2023, 2024ల చిన్న బ్యాచ్‌లు. తల్లుల సంఖ్య విషయానికొస్తే 2011 అట్టడుగు బ్యాచ్‌కి ముప్పై వచ్చేది 2041లో, 2016 బ్యాచ్‌కి 2046లో, అప్పటిదాకా రేటు కొంచెం పెరిగినా పుట్టేవాళ్ళ సంఖ్య పెద్దగా పెరగదు. కీటా సీటు కోసం చూస్తున్నవాళ్ళకి ఇది పనికొచ్చే ముక్క ఏంటంటే, పశ్చిమంలోని పెద్ద ఊళ్ళలో కూడా ఏడాది, రెండేళ్ళ పిల్లల గ్రూపుల్లో ముందు ఒత్తిడి తగ్గుతుంది, మూడేళ్ళు పైబడినవాళ్ళవి ఆ తర్వాతే. లిస్టులో పేరు మాత్రం తీసేయకండి.